పామ్ గింజలు ఇంట్లో మొలిపించా, ఏడాది దాటింది (నా అనుభవం)

చలికి తట్టుకునే చెట్టు కదా, గింజకి కూడా చలి కావాలేమో అనుకున్నా. నా తిప్పలన్నీ ఈ ఒక్క తెలివితక్కువ ఆలోచనతోనే మొదలయ్యాయి. యాపిల్ గింజలు, పీచ్ టెంకలు లాంటివి మొలవాలంటే ముందు రెండు మూడు నెలలు తడిగా ఫ్రిజ్‌లో ఉంచాలని ఎప్పుడో చదివాను, అది బుర్రలో ఉండిపోయింది. మైనస్ 15 డిగ్రీల దాకా ఓర్చుకునే పామ్ అంటే దానికీ అదే రూలు అయ్యుంటుందిలే అని నాకు నేనే తీర్పు ఇచ్చేసుకుని, తెప్పించిన 20 గింజల్నీ తడి టిష్యూలో చుట్టి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలోకి తోసేశా. రెండోరోజే మా అమ్మ ఆ డబ్బా బయటికి తీసి "ఏంట్రా ఇవి" అంది. "పామ్ గింజలమ్మా" అన్నాను. ఆవిడకి వినపడింది పాము అని. "పాముకి గింజలేంట్రా, గుడ్లు కదా ఉండేది" అని డబ్బాని రెండు వేళ్లతో పట్టుకుని, చేయి దూరంగా చాపి నాకిచ్చింది. అప్పట్నుంచి మా ఇంట్లో వాటి పేరు పాము గుడ్లే.

అసలు ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, మంచు పడే చోట కూడా నిలబడే పామ్‌లు కొన్ని ఉన్నాయని తెలియడంతో. మామూలుగా పామ్ అనగానే కొబ్బరి, తాడి, పోక గుర్తొస్తాయి, వీటికి గడ్డకట్టే చలి తగిలితే అయిపోయినట్టే. కానీ ట్రాకికార్పస్ ఫార్చ్యూనీ అని ఒకటుంది, విండ్‌మిల్ పామ్ అంటారు, విసనకర్రల్లాంటి ఆకులు, మానుకి గోధుమరంగు పీచు గోనెపట్టా చుట్టినట్టు ఉంటుంది. దీని సొంత ఊరు చైనా వైపు కొండలు. రాబర్ట్ ఫార్చ్యూన్ అనే స్కాట్లాండ్ ఆయన 1849లో చైనా నుంచి ఇంగ్లండ్‌కి ఈ మొక్కలు పంపాడు, ఫార్చ్యూనీ అన్న పేరు అలా వచ్చిందే. దీని చుట్టం ఒకటి మన హిమాలయాల్లో కుమావోన్ కొండల్లో కూడా ఉంది, ట్రాకికార్పస్ తకిల్ అని. ఇక అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో సేబల్ మైనర్, నీడిల్ పామ్ అని రెండు పొట్టి రకాలున్నాయి, ఇందులో నీడిల్ పామ్ అయితే మైనస్ 20 దాకా కూడా తట్టుకుంటుంది, పామ్‌లన్నిట్లోకీ గట్టి పిండం అదే అంటారు. ఇదంతా చదివాక ఇంకేం ఆగుతాం.

సరే ఫ్రిజ్ సంగతికొద్దాం. రెండు నెలలయ్యాక తీసి, చిన్న లోతు లేని ట్రేలో మట్టి వేసి నాటి, కిటికీ దగ్గర పెట్టా, అదేమో చలికాలం, కిటికీ అద్దం ముట్టుకుంటే చేయి జివ్వుమనేది. నాలుగు రోజులకోసారి మట్టి కెలికి ఒక గింజ పైకి తీసి చూడటం, మళ్లీ పెట్టడం. మూడు నెలలు చేశానండీ ఈ పని. ఒక్కటి మొలవలేదు. చివరికి విసుగొచ్చి ఒక గింజని కట్టింగ్ ప్లయర్‌తో నొక్కి రెండు చెక్కలు చేసి చూశా. లోపల తెల్లగా, ఏనుగు దంతంలాగా గట్టిగా ఉండే పదార్థం ఉంటుంది, అది మొలకకి ఆహారం. దాని పక్కన చిన్న గుంతలో పిండం ఉండాలి, బతికున్న గింజలో అయితే అది తెల్లగా గట్టిగా నిండుగా ఉంటుంది. నాదాంట్లో గుంత ఉంది, పిండం మాత్రం ఎండి గోధుమరంగు పొట్టులా గోడకి అతుక్కుని ఉంది. ఇంకో మూడు కోశా, అదే సీను.

అంటే నేను ఫ్రిజ్‌లో పెట్టకముందే అవి చచ్చిపోయి ఉన్నాయన్నమాట. ట్రాకికార్పస్ గింజలు పూర్తిగా ఎండిపోతే బతకవు, చెట్టు మీంచి దిగాక చెమ్మ ఆరకుండా కాపాడితేనే కొన్ని నెలలు ప్రాణం ఉంటుంది. నా గింజలు చేతికొచ్చినప్పుడే గులకరాళ్లలా ఉన్నాయి, కవర్ ఊపితే గలగలమన్నాయి, నేనేమో బాగా ఎండాయి, క్వాలిటీ బాగుంది అనుకుని సంబరపడ్డాను. అమ్మినవాళ్లని ఏమనాలో కూడా అప్పుడు తెలీదు. ఇందులో చిత్రం ఏంటంటే ఖర్జూరం కూడా పామ్ జాతే, దాని గింజ మాత్రం ఎండినా చావదు. ఇజ్రాయెల్‌లో మసాడా కోటలో దొరికిన దాదాపు 2000 ఏళ్ల నాటి ఖర్జూర గింజని 2005లో నాటితే మొలిచింది. ఒకే కుటుంబంలో ఒకడు రెండువేల ఏళ్లు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాడు, ఇంకొకడు ఒక వేసవి ఎండకే పోతాడు. మనుషుల కుటుంబాల్లో కూడా అంతేలెండి.

రెండోసారి గింజలు కాదు, పళ్లే కావాలని పట్టుబట్టి సంపాదించా, చెట్టు మీంచి కోసి వారం కూడా కానివి. ట్రాకికార్పస్ 30, సేబల్ మైనర్ 10, నీడిల్ పామ్ 5. వీటితో పాటు జెల్లీ పామ్ అని బుటియా టెంకలు ఒక 6. ట్రాకి పళ్లు నల్లద్రాక్ష మీద ఉన్నట్టే పైన బూడిదరంగు పొర, లోపల గుజ్జు పల్చగా. ఈ గుజ్జు అస్సలు ఉంచకూడదు, మొలకని ఆపే పదార్థాలు అందులోనే ఉంటాయి, పైగా బూజుకి విందు. మూడు రోజులు నీళ్లలో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, తర్వాత పాత జల్లెడ మీద వేసి అరచేత్తో రుద్దా. రెండో రోజుకే పులిసిన వాసన మొదలైంది, మూడో రోజు నన్నూ బకెట్‌నీ కలిపి బాల్కనీలోకి తోసేశారు. రుద్దేటప్పుడు గ్లవ్స్ వేసుకోవడం మంచిది, కొన్ని పామ్‌ల గుజ్జులో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు ఉండి చేతులు దురదెత్తుతాయి, మనం రుద్దేవి ఆ రకం కాకపోయినా అలవాటు చేసుకుంటే పోయేదేం లేదు. కడిగాక చూస్తే ట్రాకి గింజ ఒక పక్క వంపుతో చిక్కుడు గింజలా ఉంది, సేబల్ గింజలు మాత్రం నల్లగా నిగనిగలాడుతూ చొక్కా గుండీల్లా ముద్దొచ్చాయి.

తేలితే పుచ్చు, మునిగితే మంచిది అని నీళ్ల టెస్టు ఒకటి చెప్తారు కదా, దాన్ని నేను నమ్మి తేలిన నాలుగు ట్రాకి గింజలు పారేయబోయి, ఎందుకో ఆగి వేరే కవర్లో వేశా. అందులో రెండు మొలిచాయి. ఇక మీరే చూసుకోండి.

ఈసారి ట్రేలు, కుండీలు ఏం లేవు, జిప్‌లాక్ కవర్ పద్ధతి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నానబెట్టి, పిడికిట్లోకి తీసుకుని గట్టిగా పిండాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతుంటే తడి ఎక్కువ, చుక్క కూడా కారకుండా చేయి తెరిస్తే ముద్ద విడిపోకుండా నిలబడాలి, అదీ లెక్క. దాంట్లో నాలుగో వంతు పెర్లైట్ (తేలికపాటి తెల్ల రాతి గుళికలు) కలిపా, గాలి ఆడుతుందని. గింజలు కలిపి, కవర్ మూసి, పైన మార్కర్‌తో పేరు, తేదీ, ఎన్ని గింజలో రాశా. తేదీ రాయడం పిచ్చిపనిలా అనిపిస్తుంది గానీ రాయండి, రెండు నెలలకే మీకు ఎప్పుడు పెట్టారో గుర్తుండదు, వారం రోజులైనా ఏడాదైనట్టే ఉంటుంది.

వేడి దగ్గర నేను చేసిన రెండో ఘనకార్యం చెప్పాలి. గింజకి చలి కాదు వేడి కావాలని ఈపాటికి తెలిసింది. చలిని ఓర్చుకునేది పెద్ద చెట్టు, గింజ కాదు, అది కిందపడ్డాక నేల వెచ్చబడే దాకా ఊరుకుని అప్పుడు లేస్తుంది. ట్రాకికి 20 నుంచి 25 డిగ్రీలు చాలు, మరీ వేడి పడదు, అందుకని ఆ కవర్ ఫ్రిజ్ మీద వెనకవైపు పెట్టా, ఎప్పుడూ గోరువెచ్చగా ఉండే చోటు (లోపల్నుంచి పైకి ప్రమోషన్ అన్నమాట). సేబల్‌కి మాత్రం 30, 32 దాకా కావాలి. దానికోసం హీట్ మ్యాట్ (కింద పరిచే కరెంటు వేడి చాప) ఒకటి కొన్నా, థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా ఆపేది) లేనిది, ఎందుకంటే అది ఉన్నదానికి ధర ఎక్కువ. మ్యాట్ మీద నేరుగా కవర్ పెట్టి, పైన తువ్వాలు కప్పి పడుకున్నా. పొద్దున్నే కోకోపీట్‌లో థర్మామీటర్ గుచ్చి చూస్తే 46. మ్యాట్‌కి ఆనుకున్న నాలుగు గింజలు ఆ తర్వాత మెత్తబడి కుళ్లాయి, పైన ఉన్న ఆరు ఎలాగో తప్పించుకున్నాయి. ఆ రోజే థర్మోస్టాట్ కొన్నాను, మ్యాట్‌కీ కవర్‌కీ మధ్య ఒక చెక్కముక్క కూడా పెట్టాను.

బుటియా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. దాని టెంక చిన్నసైజు కొబ్బరికాయే, ఒక పక్క మూడు కళ్లు కూడా ఉంటాయి, చిప్ప పగలగొట్టి లోపలి పలుకు తీసి పెడితే త్వరగా మొలుస్తుందని చదివి, బెంచ్ వైస్‌లో బిగించి తిప్పా. మొదటిది పలుకుతో సహా పిండి అయింది. రెండోది టక్కున పగిలి ముక్క ఎగిరొచ్చి కళ్లజోడుకి తగిలింది, కళ్లజోడు లేకపోతే ఈ అనుభవం ఇంకోలా రాయాల్సి వచ్చేది. మూడోది బాగానే వచ్చింది గానీ పది రోజుల్లో బూజు పట్టింది. మిగతా మూడూ చిప్పతోనే వేడిగా ఓ మూల ఉన్నాయి, వాటి జోలికి పోలేదు.

బూజు అందరికీ వస్తుంది, భయపడకండి. మూడో వారంలో ట్రాకి కవర్లో కొన్ని గింజల చుట్టూ తెల్లటి దూది అల్లుకుంది. తీసి చూస్తే అవన్నీ గుజ్జు సరిగ్గా వదలనివే, నా బద్ధకం ఫలితం. వాటిని పాత టూత్‌బ్రష్‌తో తోమి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో అంతకు మూడింతల నీళ్లు కలిపి ఓ పది నిమిషాలు ఉంచి, కొత్త కోకోపీట్‌లో వేశా. వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా అణిగినవి చచ్చినట్టే, గట్టిగా ఉన్నవి మాత్రం బూజు పట్టినా పారేయకూడదు.

38వ రోజు. కవర్ తెరవకుండా వెలుతురుకి ఎదురుగా పట్టుకుని తిప్పడం అప్పటికి నాకు రోజూ టీతో పాటు అలవాటు. ఆ రోజు ప్లాస్టిక్‌కి ఆనుకుని తెల్లగా, బియ్యపుగింజంత మొన ఒకటి కనపడింది. పెర్లైట్ ముక్కేమో అని గోటితో బయట్నుంచి తట్టా, కదల్లేదు. గింజనే అంటుకుని ఉంది. మర్నాటికి ఇంకో రెండు. నెలన్నర తిరిగేసరికి 12, మూడు నెలలకి మొత్తం 21. అంటే ఒకటి లేచింది కదా అని మిగతావన్నీ కట్టకట్టుకుని లేవవు, ఎవడి టైమ్ వాడిదే.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది, తెలియక నేను మూడు మొలకల్ని పోగొట్టుకున్నా. బయటికి వచ్చే ఆ తెల్లటి మొన వేరు కాదు. తాటి టెంక పాతితే ఏం జరుగుతుందో చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది, టెంక పైనే ఉండిపోయి దాన్లోంచి ఒక గొట్టం కిందకి దిగి, తేగ లోతులో ఊరుతుంది కదా, ఇదీ అదే వరస, కాకపోతే బుల్లి సైజులో. గింజలోంచి కాడ ఒకటి ముందు కిందకి పోతుంది, మొక్క ప్రాణం ఆ కాడ చివర ఉంటుంది, అక్కడ్నుంచి వేరు ఇంకా కిందకీ, ఆకు పైకీ బయల్దేరతాయి. గింజలో మిగిలింది, తాటి టెంక కొడితే లోపల మెత్తగా తెల్లగా కనిపించే గుంజు లాంటిదే, గట్టి పదార్థాన్ని కరిగించి కాడ ద్వారా పిల్లకి అందిస్తూ ఉంటుంది. ఇది తెలియక, ఒక మొలకకి పక్కనే వేలాడుతున్న గింజని చూసి దీని పనైపోయిందిలే అని కత్తెరతో కత్తిరించేశా. పది రోజులు పచ్చగానే ఉంది, తర్వాత ఎదుగూ బొదుగూ లేక వాడిపోయింది. పాలు తాగే పిల్లని పీకినట్టయింది. ఇంకో రెండు కుండీలోకి మార్చేటప్పుడు పోయాయి, ఆ కాడ పచ్చి బీన్స్ కంటే పెళుసు, పట్టుకున్నది వేలి చివర్లతోనే, అయినా పుటుక్కుమంది. అప్పట్నుంచి మొన అర సెంటీమీటర్ దాటకముందే తీసి నాటడం, అది కూడా చేత్తో పట్టుకోకుండా ప్లాస్టిక్ చెంచాతో కోకోపీట్‌తో సహా ఎత్తడం.

కుండీ వెడల్పు అక్కర్లేదు, లోతు కావాలి. లీటర్ నీళ్ల సీసాల మెడలు కోసి, అడుగున నాలుగు చిల్లులు పెట్టి వాడా, గింజ పైన సెంటీమీటర్ మట్టి. సీసా పారదర్శకం కాబట్టి వేరు దిగడం బయటికే కనపడేది, మట్టి పైన ఏమీ లేదు, కింద చూస్తే వేరు అప్పటికే అడుగు తాకి వంపు తిరుగుతోంది. ఆకు బయటపడటానికి ఇంకో నెల పట్టింది. (వేర్లకి వెలుతురు పడకూడదు, చూశాక సీసాకి నల్ల కవర్ తొడిగేసేవాణ్ని.)

ఆ మొదటి ఆకు కోసం అంత ఎదురుచూశానా, వచ్చింది చూస్తే గడ్డిపరక. విసనకర్రా లేదు గిసనకర్రా లేదు, మడత పెట్టిన సన్నటి పచ్చ రిబ్బన్, అంతే. ఫ్యాన్ ఆకారం రావాలంటే ఏడాదీ రెండేళ్లూ ఆగాలి. ఈ విషయం నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సింది. ఓ ఆదివారం మా ఆవిడ బాల్కనీ శుభ్రం చేస్తూ "ఏవండీ, మీ సీసాల్లో గడ్డి మొలుస్తోంది, పీకేస్తున్నా" అని కేకేసింది. నేను లేచి పరుగెత్తేలోపే ఒకటి ఆవిడ చేతిలో ఉంది. పచ్చటి పరక, దాని కింద తెల్లటి వేరు, మధ్యలో పక్కకి కాడ, ఆ కాడ చివర నల్లటి గింజ గాల్లో లోలకంలా ఊగుతోంది. ఆవిడ దాన్ని కళ్ల దగ్గరకి తెచ్చుకుని చూసి, "ఇదేం గడ్డండీ, గింజ మోసుకుని తిరుగుతోంది" అంది. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. వేరు చివర రెండు సెంటీమీటర్లు తెగిపోయింది. ఇద్దరం కలిసి దాన్ని మళ్లీ నాటి, పైన కవర్ బోర్లించి నీడలో పెట్టాం. నెల రోజులు అది చావలేదు, ఎదగలేదు, అలాగే చూస్తూ కూర్చుంది. తర్వాత మెల్లగా రెండో పరక తోసింది.

సేబల్ మైనర్ ఆరింట్లో ఐదు మొలిచాయి, రెండు నెలలు దాటాక, పేచీ లేని పిల్లలు. నీడిల్ పామ్ మాత్రం ఓపికని పిండేస్తుంది, ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా ఎంతైనా తీసుకుంటుంది. పిండం మీద చిన్న మూతలాంటి పొర ఉంటుంది, దాన్ని సూది మొనతో జాగ్రత్తగా ఎత్తితే త్వరగా వస్తుందని చదివి రెండింటికి ఎత్తా, చేతులు వణికాయి. పదకొండో నెలలో ఒకటి మొలిచింది, అది ఆ రెండింట్లోది కాదు, నేను ముట్టుకోని మూడింట్లోది. మిగతా నాలుగూ ఇంకా గట్టిగానే ఉన్నాయి, కవర్లోనే ఉన్నాయి, నెలకోసారి కాస్త గాలి ఆడించి మూసేస్తున్నా.

ఇప్పుడు లెక్క చూస్తే ట్రాకి 15 బతికున్నాయి (పైన చెప్పినవి కాకుండా ఇంకో మూడు నీళ్లెక్కువై మొదలు కుళ్లి పోయాయి, పైమట్టి ఆరేదాకా ఆగి పోసుంటే బతికేవి), సేబల్ ఐదు, నీడిల్ ఒకటి, బుటియా సున్నా. మళ్లీ చలికాలం వస్తోంది. మైనస్ 15 అనేది మాను కట్టిన చెట్టుకి, మూడు పరకల పిల్లకి కాదు, కాబట్టి మొదటి రెండు మూడు చలికాలాలు వెలుతురున్న గదిలో, మరీ వేడి లేని చోట పెట్టాలన్నది ప్లాన్. అయితే పదిహేను ఉన్నాయి కదా, ఒకదాన్ని బయటే వదిలేసి ఎంత చలి దాకా ఆగుతుందో చూద్దామని నాకు ఒకటే దురద. అన్నిట్లోకీ వెనకబడిందాన్ని, అదే ఆ పీకి నాటినదాన్ని, బయట పెడదామని తీసుకెళ్తుంటే మా ఆవిడ సీసా నా చేతిలోంచి లాక్కుంది. "దీని జోలికి రావద్దు, ఇది నాది. కావాలంటే మీవి పెట్టుకోండి" అంది. ఆ సీసా ఇప్పుడు వంటింటి కిటికీలో ఉంది, నన్ను నీళ్లు కూడా పోయనివ్వట్లేదు.